అరుగు ఎవరిది?

ఇంటి లోపల ఎవరెలా బతుకుతున్నారన్నది ఆ ఇంటివాళ్ళ సొంత విషయం అనుకుందాం. ఇంటి బయటిభాగం మాత్రం పూర్తిగా ఎవరి సొంత విషయమూ కాదు. దాన్ని కట్టించినవాడికన్న వీధిలో నడిచేవాడే ఎక్కువగా చూస్తాడు. దాని నీడలో ఎవరైనా ఆగవచ్చు, దాని చూరునీళ్ళు ఎవరిమీదైనా పడవచ్చు. కనక ఇంటి ముఖభాగాన్ని గురించి ఆలోచించడమంటే, ఒక మనిషికీ అతని గుమ్మం ముందునుంచి నడిచిపోయే తక్కిన మనుషులకూ మధ్య బాకీ ఏమైనా ఉందా అని ఆలోచించడమే. ఇది కేవలం ఇంజనీర్లకు వదిలేయదగ్గ ప్రశ్న కాదు.

నాకీ ప్రశ్న పుస్తకాలలో ఎదురుకాలేదు. కశింకోటలో మా తాతగారి నాటి పెంకుటిల్లు ఒకటుంది. దూలాలకు చెద పట్టింది, వీధిగోడ బీటలు వారింది. పడగొట్టి కట్టక తప్పదని తేలింది. మేస్త్రి వచ్చి ఇల్లంతా కొలిచి, చివరకు వీధిలో నిలబడి, ‘‘అరుగు ఉంచీమంటారా, తీసీమంటారా మేష్టారూ?’’ అని అడిగాడు. నేను ముప్ఫైయేళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఒక్క ముక్కలో జవాబు చెప్పవలసిన ఆ ప్రశ్నకు వారం రోజులు జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట అరుగు ఎందుకు పుట్టిందో చూద్దాం. మన పూర్వులు దయాధర్మాలు గలవారు కనక బాటసారులకోసం అరుగులు కట్టించారని చెప్పేవారు మనలో చాలామంది ఉన్నారు. వినడానికి ఈ మాట బాగానే ఉంటుంది. కాని ఇల్లు కట్టేవాణ్ణి అడిగితే అతను వేరే మాట చెబుతాడు. మట్టిగోడకు నీరు శత్రువు. పైనుంచి కొట్టే వాన గోడను కోస్తుంది. నేలమీద పారే నీరు గోడ అడుగును నానబెడుతుంది. పైనీటికి అడ్డం చూరు, అడుగునీటికి అడ్డం అరుగు. చూరు గోడకు ఎంత ఎడంగా దిగితే గోడ అంత క్షేమం. అయితే చూరు నాలుగడుగులు ముందుకు రావాలంటే వాసాలు గాలిలో నిలవవు. వాటికింద అడ్డదూలం కావాలి, దూలం కింద స్తంభాలు కావాలి, స్తంభాల కింద వీధినీటికి అందని గట్టి పీఠం కావాలి. ఆ పీఠమే అరుగు.

అంటే అరుగు గోడను నిలబెట్టడానికి పుట్టిందే గాని, మనిషిని కూర్చోబెట్టడానికి పుట్టలేదు. తీరా కట్టిన తరవాత అక్కడ నీడ ఉంది, గాలి ఉంది, చదునైన జాగా ఉంది. మనిషి వచ్చి కూర్చున్నాడు. అవసరం ముందు వచ్చింది, మర్యాద దాని వెనక వచ్చింది. మన నీతులలో చాలా వాటి పుట్టుక ఇలాంటిదే. ఇలా చెప్పినంతమాత్రాన ఆ మర్యాద విలువ తగ్గదు. అది ఆకాశంనుంచి ఊడిపడలేదని మాత్రం తెలుస్తుంది.

అరుగు తెలుగువారి సంస్కృతి అనే మాట కూడా కాస్త ఆలోచించి అనవలసిందే. విశాఖ, శ్రీకాకుళం తీరాన అదే వానకూ అదే గాలికీ శ్రమజీవులు కట్టుకున్నది చుట్టిల్లు. గుండ్రని మట్టిగోడ, దానిమీద గొడుగులాంటి తాటాకు కప్పు, నేలకు బాగా దగ్గరగా దిగే చూరు. తుఫాను గాలికి పట్టు దొరక్కుండా జారిపోనిచ్చే ఆ ఆకారంలో ఉన్న తెలివి ఏ మండువా లోగిలికీ తీసిపోదు. కాని దానికి స్తంభాలు లేవు, వీధిని చూస్తూ కూర్చునే ఎత్తయిన అరుగు లేదు. ఇంటివాడే నడుం వంచి లోపలికి పోవాలి. వీధికి అరుగు ఇవ్వడానికి ముందు మనిషికి వీధిలో స్థలం ఉండాలి, కలప ఉండాలి, తీరిక ఉండాలి. అరుగు తెలుగువారందరిదీ కాదు. తెలుగువారిలో కొందరిది.

మా ఇంటి అరుగే తీసుకుంటాను. ఆరు స్తంభాలు, ఆరూ రంగం టేకు. మన ప్రాంతంనుంచి వేలాదిమంది కూలీలు రంగం వెళ్ళి రేవులలో, మిల్లులలో, పొలాలలో ఒళ్ళు వంచారు. 1941 డిసెంబరులో ఆ నగరంమీద జపాను బాంబులు పడిన తరవాత, ఓడ టిక్కెట్లు కొనలేనివారు అడవులగుండా కాలినడకను తిరుగుముఖం పట్టారు. దారిలో ఎందరో చచ్చిపోయారు. రంగం కలప మా ఇంటికి చక్కగా చేరింది. రంగం కూలీ ఇంటికి మాత్రం తాటిదూలమే మిగిలింది. ఇక గోడల సున్నం. పాతకాలపు పనివాళ్ళు గానుగ సున్నంలో బెల్లంనీళ్ళు, కరక్కాయ రసం కలిపేవారు. సున్నం గట్టిపడటానికి అది ఉపాయం. బెల్లానికి పేరుమోసిన అనకాపల్లి పక్కనే ఉన్న ఊరు మాది. చెరుకు నరికినవాడూ, బెల్లప్పెనం కింద మంట ఎగదోసినవాడూ తాము వండిన బెల్లం పూసిన గోడకు ఆనుకుని కూర్చునే వీలు లేనివాళ్ళు. ఇది నేను అలంకారంగా అంటున్న మాట కాదు. నా కళ్ళతో చూశాను.

నాకు పదేళ్ళప్పుడు, అంటే 1960ల నడుమ, ఊరిచివరి పేటనుంచి ఒక కుర్రాడు నాతో కలిసి చదువుకునేవాడు. వాళ్ళ నాన్న మా చెరుకుతోటలో పనిచేసేవాడు. బడిలో మేమిద్దరం ఒకే బల్లమీద కూర్చున్నాం. ఒక సాయంత్రం బడినుంచి వస్తుండగా పెద్దవాన పట్టుకుంది. ఇద్దరం మా ఇంటివైపు పరిగెత్తాం. నేను అరుగెక్కాను. అతను ఎక్కలేదు. అరుగు అంచుకు వీపు ఆనించి వీధిలోనే నిలబడ్డాడు. మా చూరు అరుగుకన్న జానెడే ముందుకుంటుంది. పెంకులమీదనుంచి ధారలు కట్టిన నీళ్ళన్నీ సరిగ్గా అతని భుజంమీద పడుతున్నాయి. పుస్తకాలు చొక్కాలోపల పెట్టుకుని రెండు చేతులతో అదుముకున్నాడు.

తాతగారు పడక్కుర్చీలో ఉన్నారు. ఎక్కవద్దని ఆయన అనలేదు. అనవలసిన అవసరమే లేదు. పైగా చాలా మెత్తగా, ‘‘తడిసిపోతున్నావు గదరా, ఇంటికి పోరాదూ?’’ అన్నారు. నేనేం చేశానో కూడా చెప్పాలి. వేలాడుతున్న నా కాళ్ళు అతని వీపుకు తగులుతాయేమోనని పైకి తీసుకుని మఠం వేసుకుని కూర్చున్నాను. నాకు ఎవరూ నేర్పలేదు. లేదా అందరూ నేర్పారు. కాసేపటికి అతను వానలోనే వెళ్ళిపోయాడు.

మా తాతగారు చెడ్డవారు కారు. ఈ సంగతి ఒప్పుకోకపోతే నా వాదన అబద్ధమవుతుంది. కలకత్తా–మద్రాసు దారి మా ఊరిమీదుగానే పోయేది. 1758లో కల్నల్ ఫోర్డు నడిపించిన కుంపిణీ సేన దక్షిణానికి నడిచింది ఈ దారినే. సేనలూ, యాత్రికులూ, బెల్లం బళ్ళూ ఎడతెగకుండా నడిచిన ఆ దారిలో అరుగులకు పని ఉండేది. ఎండాకాలమంతా మా అరుగుమీద నీళ్ళకుండలుండేవి. దారినపోయేవాడు ఏ రాత్రయినా అక్కడ పడుకోవచ్చు, పేరు కూడా అడిగేవారు కారు. కులం మాత్రం అడిగేవారు. జవాబునుబట్టి కొందరికి చెంబు, కొందరికి దోసిలి. నీళ్ళవే, కుండలవే, పోసే చెయ్యి అదే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చాం. కొందరికి నిరాకరించి తక్కినవారికి ఇచ్చిన మంచి, మంచి అవుతుందా?

కాదని ఒక్కమాటలో కొట్టిపారేయడం తేలిక. కాని మన వీధిబళ్ళను చూడండి. మద్రాసు రాజధానిలో ఇళ్ళ అరుగులమీద నడిచే ఈ బళ్ళకు ఇంగ్లీషువాళ్ళు అరుగుబళ్ళనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ విద్యాలయాల లెక్కలు తీయించాడు. 12,498 బళ్ళు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. ఆ బళ్ళన్నీ అరుగులమీదివి కావు. అయినా ప్రభుత్వం దమ్మిడీ ఖర్చు పెట్టకుండా ఇన్ని వేలమంది అక్షరాలు దిద్దారంటే అందులో అరుగుల వంతు చాలా ఉంది. అంటరానివారని దూరం పెట్టిన కులాల పిల్లలకూ, ఆడపిల్లలకూ ఆ దారి దాదాపు మూసే ఉంది. ఈ రెండూ నిజాలే. చదువుకున్నవాడికి దక్కినది నిజమైన చదువే. దక్కనివాడికి జరిగినది నిజమైన అన్యాయమే. మొదటిది రెండోదాన్ని కడిగివేయదు. రెండోది మొదటిదాన్ని లేకుండా చేయదు.

పాతకాలపు అరుగులు పోయాయని విలపించేవారు మొదటి నిజాన్ని పట్టుకుని వేళ్ళాడుతున్నారు. వారి జ్ఞాపకాలలో వానకు తడిసిన కుర్రాడు ఉండడు. ఎందుకంటే జ్ఞాపకాలు రాస్తున్నది అరుగుమీద కూర్చున్నవాడు. మనలో కొందరు మిత్రులు రెండో నిజాన్ని పట్టుకుని, అరుగు భూస్వామ్య అవశేషం, పోతే పోనిమ్మంటారు. వారితో నాకు సగం ఏకీభావం ఉంది. తక్కిన సగం ఎందుకు లేదో చెప్పాలంటే, అరుగు పోయిన చోట ఏమి వచ్చిందో చూడాలి.

అరుగును పోగొట్టినది సమానత్వం కాదు, సిమెంటు. కాంక్రీటు శ్లాబూ, సిమెంటు పూతా వచ్చాక గోడ వానకు భయపడడం మానేసింది. చూరు కురచబడి కిటికీమీద రెండడుగుల సన్‌షేడ్ అయింది. చూరు తగ్గగానే స్తంభాలకు పనిలేకపోయింది, స్తంభాలు పోగానే అరుగుకు పనిలేకపోయింది. ఉన్న అరుగులు కొన్ని రోడ్ల విస్తరణలో పోయాయి. తక్కినవాటి ఎదుట ఒకదానిమీద ఒకటిగా పోసిన సిమెంటు రోడ్లు పైకి పెరిగి, నడుమెత్తు అరుగు మోకాలెత్తుకూ, మోకాలెత్తుది వీధిమట్టానికీ కుంగిపోయాయి. మట్టిగోడ మనిషిని బలవంతంగా ఉదారుణ్ణి చేసింది. సిమెంటు ఆ బలవంతాన్ని తీసేసింది. అప్పుడు తేలింది, ఉదారత ఎంతవరకు మనిషిదో, ఎంతవరకు గోడదో.

వచ్చినది ప్రహరీగోడ, ఇనుపగేటు, గేటుకు కుక్క ఉందనే బోర్డు, దానిపైన కెమెరా. ఈ గోడ కులం అడగదు. అరుగు కొందరిని నిలబెట్టింది, గోడ అందరినీ నిలబెడుతుంది. ఒక్క విషయంలో ఇది ముందడుగని నేను ఒప్పుకుంటాను. చూరునీళ్ళ కింద నిలబడి అవమానపడవలసిన అవసరం ఇవాళ ఏ పిల్లవాడికీ లేదు, ఎందుకంటే చూరే లేదు. అయితే ఎవరికీ చోటు లేకపోవడాన్ని సమానత్వమని పిలవగలమా? ఊరిబావిని పూడ్చేసి, ఇక బావి దగ్గర అంటరానితనం లేదని చెప్పినట్టుంటుంది. పైగా గేటు కులం అడక్కపోయినా కారునూ కాలినడకనూ పోల్చుకోగలదు.

ఇంటి ముఖం దాచే పని కూడా చేస్తుంది. 1845లో ఎంగెల్స్ ఇంగ్లండు కార్మికుల స్థితిగతుల గురించి రాసిన పుస్తకంలో మాంచెస్టరు నగరాన్ని వర్ణించాడు. పెద్దరోడ్ల కిరుపక్కలా శుభ్రమైన దుకాణాల వరస నిలబడి, వెనకనున్న కూలివాడలు ధనికుల కంటబడకుండా అడ్డం కాస్తున్నదని చూపాడు. అంత దూరం పోనక్కరలేదు. మన రహదారుల వెంట అద్దాలూ, తళతళలాడే రేకులూ తొడిగిన మేడల వెనక్కి నాలుగడుగులు వేసి చూడండి. అరుగున్న ఇల్లు అన్యాయాన్ని బాహాటంగా, వీధిలోనే చేసేది. ఇప్పటి ఇంటి ముఖం దాన్ని వెనకవీధికి పంపి తలుపు వేసుకుంది.

చట్టం ఏమంటున్నదని అడగవచ్చు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం దుకాణాలలో, హోటళ్ళలో, బావుల దగ్గర, స్నానఘట్టాలలో, రోడ్లమీద వివక్షను నిషేధించింది. 1955లో నేరశిక్షల చట్టమూ వచ్చింది. అందుకే బడిలో మేమిద్దరం ఒకే బల్లమీద కూర్చోగలిగాం. ఈ జాబితాలో అరుగు ఊసు లేదు. అది వీధిలోనే ఉంది గాని వీధి కాదు. అందరూ కూర్చుంటారు గాని అందరిదీ కాదు. బడిబల్లదాకా వచ్చిన రాజ్యాంగం మా అరుగుముందు ఆ కుర్రాడితోబాటే నిలబడిపోయింది.

అందుచేత అరుగులో కలిసిపోయిన రెండు విషయాలను విడదీయడం అవసరమని నా అభిప్రాయం. ఒకటి, ఇల్లు వీధికి బాకీ ఉందన్న భావం. రెండోది, ఆ బాకీని ఎవరికి తీర్చాలో, ఎవరికి తీర్చకూడదో ఇంటివాడే నిర్ణయించే అధికారం. మొదటిది నిజం, రెండోది దోపిడి. మా తాతగారు బాకీ తీరుస్తూ దానం చేస్తున్నాననుకున్నారు. దానమనుకున్నవాడికి పాత్రత చూసే హక్కు వస్తుంది. బాకీ అనుకున్నవాడికి రాదు. అప్పులవాడి కులం అడిగి అప్పు తీర్చే న్యాయం లోకంలో ఎక్కడా లేదు.

బాకీ ఎక్కడినుంచి వచ్చిందంటారా? నా స్థలానికి విలువ వచ్చింది దానిముందు రోడ్డు ఉండబట్టి. ఆ రోడ్డు నేను వెయ్యలేదు. నా ఇంటికి గాలీ వెలుతురూ వచ్చేది వీధిలోనుంచి. నా మురుగు పోయేది వీధి కాలవలోకి. ఆ కాలవ తీసినవాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు. ఇంత తీసుకుని, నా గోడ అవతలివాళ్ళతో నాకేమీ సంబంధం లేదనడం లెక్కలు చెప్పే మనిషి అనవలసిన మాట కాదు.

ఈ బాకీని గుర్తించినవాళ్ళు మన కళ్ళముందే ఉన్నారు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన ఇళ్ళ పథకంలో గ్రామాల పేదలకు ఇచ్చినది సెంటున్నర స్థలం. ఇల్లు 340 చదరపు అడుగులు. అలాంటి కాలనీలలో సాయంకాలం నడిచి చూడండి. గుమ్మం పక్కన నాలుగు ఇటుకలు పేర్చి సిమెంటు మెత్తిన గట్టు, దానిమీద ముగ్గురాడవాళ్ళు, వాళ్ళలో ఒకరే ఆ ఇంటామె. లోపల చోటు లేక బయటికి వచ్చారనవచ్చు. నిజమే. మట్టిగోడకోసం అరుగు పుట్టినట్టే, ఇరుకుకోసం ఈ గట్టు పుట్టింది. మర్యాద మళ్ళీ అవసరం వెనకనే నడిచి వచ్చింది. తేడా ఏమిటంటే, ఈసారి కూర్చునేవారిని ఎంచే పెద్దమనిషి పడక్కుర్చీలో లేడు.

దీనర్థం ఇంటింటికీ అరుగులు కట్టించాలని ఉద్యమం చేయమని కాదు. ఇంటివాళ్ళ మంచితనంమీద ఆధారపడిన నీడ ఎప్పుడైనా ఎండగా మారవచ్చు. చెట్టునీడ, కూర్చునే బల్ల, మంచినీళ్ళ కుళాయి, బస్సుకోసం నిలబడే చోట కప్పు, పత్రిక చదువుకునే గది, ఇవన్నీ పంచాయతీలనుంచి హక్కుగా అడిగి తీసుకోవలసినవి. అయితే అందరిదీ అని బోర్డు కట్టినంతమాత్రాన ఏదీ అందరిదీ కాదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. అది మొదలైనది మంచినీటి చెరువు దగ్గరి తగాదాతో. రచ్చబండ కూడా పేరుకు ఊరందరిదే. ఉమ్మడి ఆస్తి ఉమ్మడిగా ఉండాలంటే ఎవరో ఒకరు దానిమీద కూర్చుని, లేవమంటే లేవకుండా ఉండాలి. ఆ పని నేను చేయలేదు. ఆ కుర్రాడి పక్కన వీధిలో నిలబడడం కూడా నాకు తోచలేదు.

వారం తరవాత మేస్త్రికి అరుగు ఉంచమనే చెప్పాను. ఇంట్లో అందరికీ ఇష్టం లేదు. తాగుబోతులు చేరతారని మావాడు, దుమ్ము తుడవలేనని మా ఇంట్లోవాళ్ళు. రెండూ జరిగే విషయాలే. ప్రహరీ లోపలికి జరుపుతున్నాం. అరుగు దానికి బయట, పైన మూడడుగుల చూరు. చూరునీళ్ళు అరుగు ముందు నిలబడ్డవాడిమీద పడకుండా అంచున గొట్టం వేసి కాలవలోకి దింపమన్నాను. దీనితో నా పాతబాకీ తీరిందని నేననుకోవడం లేదు. ఆ మిత్రుడు ఏనాడో ఊరు విడిచి వెళ్ళాడు. ఒకవేళ వచ్చినా, నేను కట్టిన అరుగుమీద కూర్చోవాలని అతనికి ఎందుకుండాలి? కూర్చోకపోవడానికి అతనికి పూర్తి హక్కుంది.

నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. మనిషి అడక్కుండా కూర్చోగలగాలి. లేచి పోయేటప్పుడు దండం పెట్టవలసిన అవసరం ఉండకూడదు. పాఠకులు తమ తమ ఇళ్ళముందు, తాము పనిచేసే బడులముందు ఒకసారి వీధిలో నిలబడి ఈ పరీక్ష పెట్టి చూడవలసిందని కోరుతున్నాను.

మేస్త్రి మళ్ళీ టేపు తీసి, ‘‘పాతదాని ఎత్తేనా?’’ అన్నాడు. పాత అరుగు నా నడుమెత్తు. చిన్నపిల్లవాడు ఎక్కాలంటే పాకవలసి వచ్చేది. వద్దన్నాను. వీధిలో నడిచి వచ్చినవాడు ఎక్కవలసిన పని లేకుండా, ఉన్నచోటనే కూర్చోడానికి ఎంతెత్తు కావాలో అంతే కట్టమన్నాను. అతను తనే ఒక ఇటుకల దొంతిమీద కూర్చుని చూసుకుని, అడుగున్నర అని గోడమీద గీత గీశాడు.